అక్షయమగునది క్రయమా? దానమా?

వైశాఖ శుద్ధ తదియనాడు సింహాచల క్షేత్రమున శ్రీ వరాహలక్ష్మీనృసింహస్వామివారు నిజరూప దర్శనమును అనుగ్రహింతురు. సంవత్సరము పొడుగున స్వామి చందనపు పూతలో మరుగుపడి యుందురు. ఆ ఒక్క దినమున మాత్రము ఆ పూత యంతయు ఒలువబడును. ఆవరణము తొలగిన రూపమును చూచుటకు వేలకు వేల భక్తులు రాత్రి నుండియే వరుసలలో నిలిచి యుందురు. నాటి రాత్రి అభిషేకానంతరము మరల చందన సమర్పణము జరుగును. స్వామి మరల మరుగుపడును.

అదే తిథినాడు భాగ్యనగరమున మఱియొక వరుస కానవచ్చును. సోమాజిగూడ, పంజగుట్ట, అమీర్‌పేట, కూకట్‌పల్లి వీథులలోని ఆభరణశాలల ముందు పూలతోరణములు, విద్యుద్దీపముల మాలలు, స్వాగతము పలుకు సన్నాయి మేళములు. లోపల లక్ష్మీదేవి చిత్రపటము, దాని క్రింద తరుగు తగ్గింపు ప్రకటన. బంజారాహిల్స్, జూబిలీహిల్స్ ప్రాంతములలోని వస్త్రశాలలలో ఒక్క లెహంగా వెల ఒక సామాన్య గృహస్థుని సంవత్సరాదాయమును మించి యుండును. ఆ వరుసలలో నిలిచినవారును భక్తులే. వారును ఉదయముననే స్నానము చేసి, బొట్టు పెట్టుకొని, దేవునికి నమస్కరించి వచ్చినవారే.

అక్కడ భగవంతుడు కప్పుకొన్నదానిని తీసివేయుచున్నాడు. ఇక్కడ భక్తుడు కప్పుకొనుటకు మఱింత వెదకుచున్నాడు. ఒకే తిథిలో ఈ వైపరీత్యము ఎట్లు సంభవించినదని ప్రతి సాధకుడును విచారింపవలసి యున్నది.

ఒక్క క్రియాపదము మారినది

అక్షయ తృతీయను గూర్చి పురాణములును, ధర్మశాస్త్ర నిబంధములును చెప్పు సారము ఒక్కటే. ఈనాడు చేసిన స్నానము, జపము, హోమము, పితృతర్పణము, దానము క్షయము లేని ఫలమునిచ్చును. ఆ దానములేవో చూచిన శాస్త్రకారుల హృదయము తెలియును. నీటితో నిండిన కుండ, గొడుగు, పాదరక్షలు, విసనకఱ్ఱ, పెరుగన్నము. ఇది మండు వేసవిలో కాలినడకన పోవు బాటసారి దేహమును కన్నులయెదుట నిలుపుకొని కూర్చిన పట్టిక. వాని గొంతు ఎండును గాన నీరు. వాని తల మాడును గాన గొడుగు. వాని పాదములు కాలును గాన చెప్పులు. ఆ పట్టికలో ఎక్కడను “కొనుము” అను విధి లేదు. సువర్ణము పేరు వచ్చినను అది సువర్ణదానముగానే వచ్చును, అనగా ఒకరి చేతి నుండి మఱియొకరి చేతిలోనికి పోవునదిగా వచ్చును.

మూడు నాలుగు దశాబ్దములకు పూర్వము తెలుగు పల్లెలలో ఈ తిథినాడు బంగారము కొనితీరవలెనను మాట పెద్దగా వినబడలేదు. ఆ మాటను ప్రచారములోనికి తెచ్చినది శాస్త్రము కాదు, ప్రకటన. ప్రకటన చేసిన పని మిక్కిలి సూక్ష్మమైనది. అది శాస్త్రమును ఖండింపలేదు, పరిహసింపలేదు. శాస్త్రవాక్యములోని తక్కిన పదములన్నిటిని యథాతథముగా ఉంచి ఒక్క క్రియను మాత్రము మార్చినది. “ఇచ్చినది అక్షయము” అను వాక్యము “కొన్నది అక్షయము” అయినది. తిథి అదే, దేవత అదే, దీపము అదే. ధాతువు ఒక్కటి మారెను. ధాతువు మారినచో వాక్యార్థమే తలక్రిందులగునని వ్యాకరణము చదివిన బాలుడును ఎఱుగును.

ఈ ధాతుపరివర్తనము ఒక్క తదియతో ఆగలేదు. సంవత్సర చక్రమంతయు నేడు ఇట్లే తిరుగుచున్నది.

ఆషాఢము నుండి అశ్వయుజము వరకు

ఆషాఢము శూన్యమాసము. వివాహాది శుభకార్యములు లేని కాలము. తొలి ఏకాదశితో చాతుర్మాస్యము ఆరంభమగును. ఆ నాలుగు మాసములలో మొదట శాకములు, పిదప పెరుగు, పిదప పాలు, చివర పప్పుదినుసులు విడుచుట వ్రతము. మాసమునకొక్క వస్తువు చొప్పున నాలుకకు విడుచుట నేర్పు పాఠశాల అది. ఉత్తరాంధ్రమున ఈ మాసముననే సింహగిరి చుట్టును సుమారు 32 కిలోమీటర్లు భక్తులు పాదరక్షలు లేక ప్రదక్షిణము చేయుదురు. భాగ్యనగరముననే గోలకొండలోను, సికింద్రాబాదు ఉజ్జయినీ మహంకాళి సన్నిధిలోను, లాల్‌దర్వాజలోను స్త్రీలు వేపమండలతో అలంకరించిన కుండలో అన్నము వండి, పైన దీపము నిలిపి, తలపై మోసికొనిపోయి అమ్మకు బోనము సమర్పింతురు. బోనమనగా భోజనము. పెండ్లిండ్లు లేక అంగడి పలుచబడు ఈ మాసమునకు వణిజులు “ఆషాఢం సేల్” అని నామకరణము చేసిరి. విడుచుట నేర్పవలసిన మాసము పోగుచేయుటకు ముహూర్తమైనది. ఒకే నగరములో ఒకే ఆదివారము నాడు ఒక తల్లి తలపై అన్నపుకుండతో ఎదురు వచ్చుచుండగా, ఆమె ప్రక్కనుండి నాలుగు సంచులతో మఱియొక తల్లి పోవుచున్నది. వీరిరువురిలో ఆషాఢమును ఆచరించినది ఎవరు?

శ్రావణమున వరలక్ష్మీ వ్రతము వచ్చును. కలశము, కొబ్బరికాయ, తోరము, పసుపు, పుష్పములు, శక్తికొలది నైవేద్యము. ఇంతియే దాని సామగ్రి. నేడు అమ్మవారి వెనుక తెర కట్టుటకు కూలికి అలంకర్తలు వచ్చుచున్నారు. కలశమునకు చుట్టిన పట్టుచీరతో యజమానురాలి చీర రంగు కలియవలెను. చీరకన్న దాని రవికపైని మగ్గం వర్కు ఖరీదైనది కావలెను. పూజ ముగియకముందే ఛాయాచిత్రములు లోకమునకు చేరవలెను. షోడశోపచారములకు పదునేడవ ఉపచారముగా చరవాణి చేరినది. ఆ ఉపచారమును అందుకొనునది దేవి కాదు.

భాద్రపదమున గణపతి నవరాత్రములు. ఖైరతాబాదులో 1954లో ఉత్సవము ఆరంభమైనప్పుడు విగ్రహము ఎత్తు ఒక్క అడుగు. 2014లో అది 60 అడుగులకు, 2024లో 70 అడుగులకు చేరెను. నిర్వాహకులు 2022లో మట్టి విగ్రహమునకు మరలుట ప్రశంసనీయము, ఏలనన పార్థివ పూజ అనగా మట్టినుండి పుట్టించి మట్టిలో కలుపుట. కాని ప్రతి పేటలోను నాటుకొనినది ఆ మట్టి కాదు, ఆ ఎత్తు. బాలాపూరులో 1994లో 450 రూపాయలకు పలికిన లడ్డు 2024లో 30 లక్షల రూపాయలు దాటెను. ఆ ధనము గ్రామకార్యములకు పోవుచున్నదనునది నిజము, దానిని తక్కువ చేయరాదు. అయినను ప్రసాద శబ్దమునకు అనుగ్రహమని అర్థము. అనుగ్రహము అడుగకయే లభించునది, అందరికి సమముగా పంచబడునది. దానికి అత్యధిక మూల్యము చెల్లించినవాడే అధికారి అను భావము నగరమంతట ప్రాకినప్పుడు, ప్రసాదము పాత్రలో మిగిలినను ప్రసాదార్థము పాత్రనుండి జారిపోవును.

అశ్వయుజమున దేవీనవరాత్రములు. విజయవాడ ఇంద్రకీలాద్రిపై కనకదుర్గమ్మకు దినమునకొక్క అలంకారము చేయుదురు. బాలా త్రిపురసుందరిగా, గాయత్రిగా, అన్నపూర్ణగా, మహిషాసురమర్దినిగా ఒకే తల్లి తన శక్తులను చూపును. ఆ అలంకారము తత్త్వబోధ. నేడు దినమునకొక్క రంగు చొప్పున తొమ్మిది చీరల పట్టిక చేతినుండి చేతికి తిరుగుచున్నది. దేవికి చేయవలసిన అలంకారము భక్తురాలి దేహమునకు మరలినది. ఉపాస్యదేవత స్థానమున ఉపాసకురాలి ప్రతిబింబము కూర్చున్నది. ఇదే ఋతువున తెలంగాణమున బతుకమ్మను పేర్చుదురు. తంగేడు, గునుగు, కట్ల పూవులు. బీడుభూములలో, చెలకల గట్లపై వెలలేక పూచిన పూవులతో గౌరమ్మ రూపొందును. ఆటపాటలు ముగిసిన పిదప ఆమెను నీటికి ఇచ్చివేయుదురు. మూల్యము లేనిదానితో దేవిని చేయుట, చేసిన దేవిని దాచుకొనక విడుచుట. ఇంతకన్న ఉత్తమమైన వేదాంతపాఠమును ఏ పాఠశాల చెప్పగలదు? ఆ పాఠమును చెప్పు పండుగ పేరనే అంగళ్ళలో తగ్గింపు ధరల తోరణములు వ్రేలాడుచున్నవి.

ఇక ఆశ్వయుజ బహుళ త్రయోదశి. అమృతకలశముతో ధన్వంతరి ఆవిర్భవించిన తిథి. నాటి ప్రదోషవేళ గృహద్వారమున యమునికి దీపము పెట్టుట ఆచారము. ధన్వంతరి ఆరోగ్యదేవత, యముడు మృత్యుదేవత. దేహమెంత అమూల్యమో ఒకరు, దేహమెంత అనిత్యమో ఒకరు బోధింతురు. ఈ ఇరువురి నడుమ నిలుచు సంధ్య నేడు బంగారు నాణెముల సంధ్యగా మారెను. యమదీపము పెట్టవలసిన వేళకు గృహస్థుడు ఆభరణశాలలో వంతుకై వేచియున్నాడు.

నచికేతుని ఉత్తరము

యముని ఎదుట నిలిచి మాటలాడిన ఒక బాలుని కథ కఠోపనిషత్తులో ఉన్నది. యముడు వానికి సువర్ణము, గజములు, అశ్వములు, రథములు, అప్సరసల నృత్యగీతములు, కోరినంత ఆయువు ఇవ్వజూపెను. నచికేతుడు వానినన్నిటిని త్రోసిపుచ్చెను. ఇవి రేపటికి ఉండునవి కావు, ఇంద్రియముల తేజస్సును హరించునవి, విత్తముతో తృప్తి చెందిన మానవుడు లేడు అనునది వాని ఉత్తరసారము. అప్పుడు యముడు శ్రేయస్సును, ప్రేయస్సును విడదీసి చూపెను. రెండును మనుష్యుని సమీపించును. ధీరుడు పరిశీలించి శ్రేయస్సును, మందుడు యోగక్షేమలోభమున ప్రేయస్సును వరించును. యమదీపము పెట్టు సంధ్యకు ఇంతకన్న తగిన పారాయణము లేదు.

అయితే ఆ ఉపనిషత్తు ఎట్లు ఆరంభమైనదో కూడ స్మరింపదగును. నచికేతుని తండ్రి సర్వస్వమును దానము చేయు యాగము చేయుచుండెను. కాని అతడు ఇచ్చినది పాలుడిగిన, ఈనలేని, చివరి గడ్డి మేసిన ముసలి గోవులను. దానము పేరున పనికిరానిదానిని వదిలించుకొనుచున్న తండ్రిని చూచి బాలుని హృదయమున శ్రద్ధ ప్రవేశించెను. బ్రహ్మవిద్య పుట్టినది ఆ సిగ్గునుండి.

ఆ ముసలి గోవులు నేటికిని తెలుగు ఇండ్లలో తిరుగుచున్నవి. పేరంటమునకు వచ్చిన ముత్తైదువకు తాంబూలముతో పెట్టు జాకెట్టు ముక్క ఎన్ని ఇండ్లు తిరిగి వచ్చినదో ఎవరికి తెలియదు? అది కుట్టుటకు పనికిరాదు, కట్టుటకు పనికిరాదు, తిరిగి ఇచ్చుటకు మాత్రము పనికివచ్చును. ఇచ్చువానికిని, పుచ్చుకొనువానికిని ఆ సంగతి తెలియును. తనకై కొన్న చీరకు లక్ష, దేవీస్వరూపముగా భావించి పాదములకు పసుపు పూసిన స్త్రీకి ఇచ్చు వస్త్రమునకు ఏబది రూపాయలు. ఈ రెండు సంఖ్యల నడుమనున్న దూరమే నేటి ఉత్సవముల ఆధ్యాత్మిక స్థితికి కొలబద్ద.

గాజు వెనుకనున్న బొమ్మ

వస్త్రశాలల ముందు గాజుగోడ వెనుక ఒక బొమ్మ నిలిచియుండును. దానికి పట్టు, నగలు, దీపకాంతి అన్నియు ఉన్నవి. ముఖమున కన్నులు లేవు. కొన్నింటికి శిరస్సే లేదు. చైతన్యము లేని దేహమునకు సకలాలంకారములు చేసి, “ఇట్లుండవలెను” అని చైతన్యస్వరూపునకు చూపుచున్నారు. శంకర భగవత్పాదులు అధ్యాసమని దేనిని చెప్పిరో, అనగా ఆత్మయందు దేహధర్మములను ఆరోపించుటను, దానికి ఇంతకన్న స్పష్టమైన ప్రతిమ వీథిలో మఱియొకటి లేదు. ఆ గాజులో చూచువాని ముఖము బొమ్మ దేహముపై ప్రతిఫలించును. చూచువాడు ఒక్క క్షణము తానే ఆ బొమ్మ యగును. క్రయము ఆ క్షణముననే జరిగిపోయినది. లోపల చెల్లించునది మూల్యము మాత్రమే.

కోరిక అనుభవముచే శమింపదని, నేయి పోసిన అగ్నివలె మఱింత వృద్ధి పొందునని యయాతి తన కుమారుని యౌవనమును సైతము అనుభవించి తెలిసికొనెను. నేటి విపణి ఈ సత్యమును వేదాంతులకన్న చక్కగా ఎఱుగును. తృప్తి పొందిన కొనుగోలుదారు మరల రాడు. కావున ప్రతి ఋతువునకు వస్త్రశైలి పాతబడవలెను. నిరుడు కొన్న చీర చిరుగకయే జీర్ణము కావలెను. వేదాంతి యయాతి కథను మేలుకొలుపుటకు చెప్పును, విపణి అదే కథను లెక్కల పుస్తకముగా వాడుకొనుచున్నది.

లేమి గల ఇంటి గడప

ఇదంతయు సంపన్నుల విలాసమని, వారి ధనము వారి ఇష్టమని విడిచిపెట్టవచ్చును కదా? విడువరాదు. ఏలనన ఆడంబరము ధనికుని ఇంట ఆగదు. అది గడప దాటి ప్రక్కింటికి పోవును. వరలక్ష్మీ వ్రతమునాటి సాయంకాలము ఒక ఉపాధ్యాయుని భార్య, ఒక చిరుద్యోగి కోడలు, పేరంటమునకు పోవుటకు సంకోచించుచున్నది. నిరుటి చీరయే కట్టవలసి వచ్చుచున్నది కనుక. నిరుటి ఛాయాచిత్రములో అందరును ఆ చీరను చూచియున్నారు కనుక. ఆమె తలనొప్పి యని చెప్పి ఇంటనే ఉండిపోవును. లేదా భర్తచేత వాయిదాలపై అప్పు చేయించి క్రొత్త చీర కొని పోవును. మొదటి దానిలో ఆమె దేవి సన్నిధిని కోల్పోయినది. రెండవ దానిలో సన్నిధికి పోయినను మనస్సు సంఖ్యలయందు చిక్కుకొన్నది. ఎట్లైనను వ్రతము ఆమెనుండి అపహరింపబడినది.

ఈ అపహరణమునకు కర్త ఎవరు? అంగడి మాత్రమే కాదు. దీపముల నడుమ నిలిచి తన్ను తాను చూపుకొన్న ప్రతి భక్తుడును అందులో భాగస్వామి. భగవద్గీత పదునాఱవ అధ్యాయమున ఆసురీ సంపదను వర్ణించుచు భగవానుడు చూపిన లక్షణములను పరికింపుడు. ఇది నేడు నాకు లభించినది, ఆ మనోరథమును రేపు పొందెదను, నేను ధనవంతుడను, యాగము చేసెదను, దానమిచ్చెదను అనుకొనువాడు. ఆసురుడు నాస్తికుడు మాత్రమే అని అక్కడ చెప్పలేదు. అతడును యజ్ఞము చేయును, అయితే దంభముతో, పేరుకు మాత్రమే చేయును. ఈ వర్ణన నాస్తికులకన్న ఆస్తికులనే ఎక్కువ భయపెట్టవలెను.

మూడు ఆక్షేపములు

మొదటి ఆక్షేపము: విష్ణువు అలంకారప్రియుడు కదా! తిరుమల శ్రీనివాసుని వజ్రకిరీటము చూడుడు. శ్రీకృష్ణదేవరాయలు 1513 మొదలుకొని ఏడు పర్యాయములు తిరుమలకు వచ్చి అమూల్యాభరణములు సమర్పించెను. ఆడంబరము తప్పైనచో అదియు తప్పే కదా?

సమాధానము: రాయలు ఆభరణములను తీసికొనివచ్చెను, ఇచ్చిపోయెను. ఆయన యాత్ర ఇచ్చుటకు చేసిన యాత్ర. తాను నవరత్నములు ధరించుటకు దేవుని పండుగను మిషగా చేసికొనలేదు. మఱియు ఆ అలంకారప్రియుడు ప్రతి గురువారము చేయునదేమి? ఆనాడు స్వామివారి ఆభరణములన్నియు సడలింపబడును. పచ్చకర్పూరపు నామమును తగ్గింతురు. భక్తులకు స్వామి నేత్రములు కనబడును. దానిని నేత్రదర్శనమందురు. సాయంకాలము ధరించునది పూలంగి, అనగా పూవుల వస్త్రము. సకలైశ్వర్య సంపన్నుడు వారమునకు ఒక్కసారి ఆభరణములను తీసి తన కన్నులను చూపుచున్నాడు. ఆయన అలంకారప్రియత్వమును ప్రమాణముగా చూపువారు గురువారమును మఱువరాదు.

రెండవ ఆక్షేపము: గృహస్థునకు అర్థకామములు పురుషార్థములే. వరలక్ష్మీ వ్రతకథలోనే ప్రదక్షిణములు చేసిన స్త్రీలకు అందెలు, కంకణములు, సకలాభరణములు లభించినవి. శాస్త్రమే ఆభరణములను వాగ్దానము చేయగా నింద ఎందులకు?

సమాధానము: నింద ఆభరణమునకు కాదు. పండుగనాడు అభ్యంగనము చేసి నూతనవస్త్రము ధరింపుమని శాస్త్రమే చెప్పినది. సువాసినికి మంగళద్రవ్యములు విధింపబడినవి. హైందవ ధర్మము దారిద్ర్యమును పూజింపదు. కాని ఆ కథను పూర్తిగా చదువవలెను. దేవి స్వప్నమున కనబడుటకు చారుమతిని ఎన్నుకొన్నది ఆమె ధనమును చూచి కాదు, అత్తమామల సేవను, మృదుభాషణమును, సదాచారమును చూచి. మేల్కొన్న చారుమతి ఆ వరమును తనకొక్కదానికే దాచుకొనలేదు. భర్తకు, అత్తమామలకు, ఊరి స్త్రీలందఱికి చెప్పినది. అందఱును కలిసి వ్రతము చేసిరి. ఆభరణములు ప్రదక్షిణానంతరము వచ్చినవి, వ్రతమునకు అర్హతగా ముందుగా అడుగబడలేదు. వచ్చినప్పుడును అందఱికి వచ్చినవి. నేటి వ్రతమున ఆభరణము ముందు, ప్రదక్షిణము తరువాత. ఆభరణము లేనివారు గడప వెలుపల. దీనిని చారుమతి వ్రతమనుట కష్టము.

మూడవ ఆక్షేపము మిక్కిలి బలమైనది: పండుగ కొనుగోళ్ళు ఆగినచో నేతగాని మగ్గము ఆగును. కమ్మరి, స్వర్ణకారుడు, దర్జీ ఏమి తిందురు? వైరాగ్యబోధ కడుపు నిండినవారి మాట కాదా?

సమాధానము: నేతగాని పేరు చెప్పి గాజుగోడలను సమర్థించువారు ముందుగా నేతగాని గడపకు పోవలెను. హైదరాబాదుకు సమీపమున భూదాన్ పోచంపల్లి ఉన్నది. అక్కడి ఇక్కత్ వస్త్రము ప్రపంచ ప్రసిద్ధము. దారమును ముడివైచి, రంగులో ముంచి, ముడి విప్పి, ఆ పిదప నేయుట దాని పద్ధతి. కుటుంబమంతయు కలిసి దినములకొలది చేసిన పని అది. నేసినవాని చేతి నుండి వస్త్రమును కొనుట దోషము కాదు, ఒక విధమైన అన్నదానమే. ఆక్షేపింపదగినది చీరను కాదు, చీర చుట్టును కట్టిన దీపాలంకారమును, ప్రకటనను, ప్రతిష్ఠాచిహ్నమును. కొనువాడు చెల్లించు ధనములో అధికభాగము వానికి పోవునప్పుడు, ఆ ధనము నేతగానిని పోషించుచున్నదని చెప్పుట ఆత్మవంచన.

ఆ గ్రామమునకు భూదాన్ అను విశేషణము ఎట్లు వచ్చినది? 1951 ఏప్రిల్ 18న ఆచార్య వినోబా భావే అక్కడ నిలిచి భూమిలేని హరిజనుల మొఱ వినెను. గ్రామస్థుల ఎదుట ఆ సంగతి పలుకగా వెదిరె రామచంద్రారెడ్డి నూఱు ఎకరముల భూమిని దానముగా ప్రకటించెను. దేశమంతట ప్రాకిన భూదానోద్యమమునకు అదియే ఆరంభము. కొనలేదు, అమ్మలేదు, ఇచ్చెను. ఆ ఒక్క గ్రామమునుండి రెండు సంపదలు పుట్టినవి: ఒకటి వస్త్రము, రెండవది దానము. నగరము వస్త్రమును తెచ్చుకొని దానమును అక్కడనే విడిచివచ్చినది.

పట్టును గూర్చియు ఒక మాట. కంచి కామకోటి పరమాచార్య శ్రీ చంద్రశేఖరేంద్ర సరస్వతీస్వామివారు పట్టువస్త్రములను విడువుమని దశాబ్దములపాటు బోధించిరి. సాధారణ పద్ధతిలో లోపలి జీవితోగూడ వేలకొలది పట్టుకాయలను వేడినీటికి అర్పింపనిదే ఒక్క చీరకు దారము రాదు. వివాహములలో ఆడంబరమును కూడ వారు ఖండించిరి. పిడికెడు బియ్యపు దానమును ప్రోత్సహించిరి. వారి చిత్రపటము లేని భక్తుల ఇల్లు అరుదు. పటమునకు పూలమాల వేసి, ఆ పటము ముందే పట్టుచీర జరీ బరువును పొగడుకొనుట గురుభక్తి యగునా?

ఆచరింపదగినవి

విమర్శ మాత్రమే చేసి విడిచిన వాదము ఆధ్యాత్మికము కాదు. ఉత్సవమును అంగడినుండి మరలింప దలచిన గృహస్థునకు కఠినవ్రతములు అక్కఱలేదు. నాలుగు నియమములు చాలును.

మొదటిది, పండుగకు తనకై ఎంత వెచ్చించునో అంత వెలగల వస్తువును ఒక్కరికైనను ఇచ్చుట. లక్ష రూపాయల చీర కొనువారు లక్ష రూపాయల దానము చేయగలిగినచో కొనవచ్చును. చేయలేకపోయినచో తమ శక్తి ఎంతయో తమకే తెలియును. శాస్త్రము యథాశక్తి అన్నది ఇందులకే. శక్తిని కొలిచెడి త్రాసు కొనుటయందు లేదు, ఇచ్చుటయందు ఉన్నది.

రెండవది, తాంబూలముతో ఇచ్చునది పుచ్చుకొన్నవారు వాడుకొనునదై యుండవలెను. ఒక తువ్వాలు, ఒక సేరు బియ్యము, పిల్లవానికి ఒక పుస్తకము ఏదైనను మేలు. తిరుగుచుండు జాకెట్టు ముక్కను ఎవరో ఒకరు తమ ఇంట ఆపివేయవలెను.

మూడవది, పేరంటమునకు పిలుచు గృహిణి తానే నిరుటి చీర కట్టుకొనుట. సంపన్నురాలు ఒక్కతె అట్లు చేసినచో ఆ వీథిలో పదిమంది స్త్రీల గుండెబరువు తగ్గును. ఇది వస్త్రదానముకన్న ఉత్తమము, ఏలనన ఇది అభయదానము.

నాలుగవది, అక్షయ తృతీయనాడు ఒక చలివేంద్రము. తెలుగునాట వేసవిలో దారిప్రక్క తాటాకు పందిరి వేసి, ఇసుకపై కుండలు నిలిపి, దాహమన్నవానికి కులము, ఊరు అడుగక నీరు పోయుట అనాదిగా ఉన్న ధర్మము. పంజగుట్ట కూడలిలో వైశాఖపు మధ్యాహ్నమున ద్విచక్రవాహనముపై ఆహారపు పొట్లములు మోయుచు తిరుగు యువకుడు నేటి బాటసారి. శాస్త్రకారుడు కుండయు, గొడుగును, చెప్పులును ఇమ్మని చెప్పినది వానికే. ఆభరణశాల ముందు వరుసలో నిలిచిన వారిలో ఒక్కొక్కరు ఒక్కొక్క కుండ నింపినను ఆ వీథి పొడవునా దాహము ఉండదు.

కుచేలుడు తెచ్చిన అటుకులు చిరిగిన గుడ్డలో మూటగట్టబడినవి. ద్వారకానాథుడు ఆ గుడ్డను చూడలేదు. శంకరులకు భిక్ష వేసిన పేదరాలి ఇంట ఉన్నది ఒక్క ఉసిరికాయ మాత్రమే. దానిని ఆమె కొనితెచ్చి దాచుకొనలేదు, ఇచ్చివేసినది. లక్ష్మి ఆ ఇంట కురిసినదని సంప్రదాయము చెప్పుచున్నది. లక్ష్మి ఎక్కడికి వచ్చునని అడుగువారికి ఇంతకన్న స్పష్టమైన సమాధానము లేదు. ఆమె పోగుచేసిన చోటికి వచ్చినట్లు ఒక్క పురాణకథయు చెప్పదు, ఇచ్చిన చేతిని వెదకుకొనుచు వచ్చినట్లే చెప్పును.

రాబోవు తదియనాడును సింహాద్రినాథుడు చందనమును విడిచి దర్శనమిచ్చును. ఆనాటికి భక్తుడు తన చేతిలో నుండి విడువదగినది ఏదో ముందుగా నిర్ణయించుకొనవలెను. విడిచినది మాత్రమే ఆ స్వామి ఎదుట చూపదగినది.

శ్రీకృష్ణార్పణమస్తు.